లెక్కకు రాని తెలుగు

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. ఇంజనీరింగు డిగ్రీ పుచ్చుకుని, ఇరవయ్యేళ్ళుగా ఈ అమెరికాలో సాఫ్ట్‌వేరు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. శనివారం సాయంత్రాలు ఎవరింట్లోనో జరిగే సాహిత్య సమావేశంలో వెనక వరసలో కూచుని, పకోడీలు తింటూ వినడమే నాకు చేతనైన సాహిత్యసేవ. అలాంటివాడు పరిశోధనా పద్ధతుల మీద వ్యాసం రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. ఈ తప్పు నాది కాదు, మా అక్కయ్య కూతురిది.

ఆ అమ్మాయి మన దేశంలో ఒక విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ శాస్త్రంలో పిహెచ్.డి. చేస్తోంది. ఆధునిక తెలుగు సాహిత్యం మీద ఇంతవరకూ జరిగిన పరిశోధనను లెక్కలు కట్టి చూపించడం తన అంశం. దీన్నే బిబ్లియోమెట్రిక్స్ అంటారు. ఎవరు ఎన్ని వ్యాసాలు రాశారు, ఏ పత్రికలో రాశారు, ఎవరు ఎవరిని ఉదహరించారు అన్నవి లెక్కపెట్టి, దాన్నిబట్టి ఒక విషయం ఎలా పెరిగిందో, ఎటు పోతోందో చెప్పే విద్య. ఒక ఆదివారం పొద్దున్నే ఫోను చేసింది. “మామయ్యా, మీరు సాఫ్ట్‌వేరు కదా, ఈ బొమ్మ సరిగ్గా రావడం లేదు, ఒకసారి చూస్తారా?” అంది.

బొమ్మ పంపించింది. రంగురంగుల వృత్తాలు, వాటిని కలుపుతూ సన్నటి గీతలు. చూడటానికి సంక్రాంతి ముగ్గులా ముచ్చటగానే ఉంది. రెండు రోజుల వర్క్‌షాపులో నేర్పారట. స్కోపస్ అనే డేటాబేసులో ఒక మాట ఇచ్చి వెతకాలి. వచ్చిన వివరాలను ఒక ఫైలుగా దించుకోవాలి. దాన్ని వోస్‌వ్యూయర్ అనే ప్రోగ్రాముకు అందిస్తే బొమ్మ అదే గీస్తుంది. బొమ్మ కింద తను రాసుకున్న నిర్ధారణ కూడా పంపింది. దాని సారాంశం ఇది: ఆధునిక తెలుగు సాహిత్యంపై పరిశోధన చాలా స్వల్పం, అదీ ఇటీవలి కాలంలోనే మొదలయింది, చేసినవారిలో ఎక్కువమంది ఇంగ్లీషు శాఖలవారు.

నేను చదివి, “ఇందులో భారతి పత్రిక ఎక్కడుందమ్మా?” అని అడిగాను.

“అది డేటాబేసులో లేదు మామయ్యా.”

“అయితే లేనట్టేనా?”

కాసేపు ఫోనులో చప్పుడు లేదు. ఆ తర్వాత మేమిద్దరం మూడు నెలలపాటు వారం వారం మాట్లాడుకున్నాం. ఆ మాటల్లోంచి పుట్టిందే ఈ వ్యాసం.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఈ విద్యను చులకన చేయడం నా ఉద్దేశం కాదు. దీని పుట్టుకలో మనవాళ్ళ చెయ్యి కూడా ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పే ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్ అయ్యారు. గ్రంథాలయాల పనిని గణితంతో కొలవాలనీ, దానికి లిబ్రమెట్రీ అని పేరు పెట్టవచ్చుననీ 1948లో ఇంగ్లండులో జరిగిన ఒక సమావేశంలో ప్రతిపాదించారు. బిబ్లియోమెట్రిక్స్ అన్న మాటను ఆలన్ ప్రిచర్డ్ ప్రచారంలోకి తెచ్చింది 1969లో. అంతకన్నా ముందే, 1926లో లోట్కా అనే ఆయన ఒక లెక్క తేల్చాడు. ఒక రంగంలో ఒక్కొక్క వ్యాసం రాసినవారు వందమంది ఉంటే, రెండేసి రాసినవారు సుమారు పాతికమంది, మూడేసి రాసినవారు పదకొండుమంది ఉంటారు. అంటే రాసేవాళ్ళలో చాలామంది ఒక్కసారి రాసి ఊరుకుంటారు, పదే పదే రాసేవారు గుప్పెడుమందే. మన సంఘం పాత సంచికల విషయసూచికలు ముందేసుకుని ఒక రాత్రి నేను కూడా లెక్కపెట్టి చూశాను. అంకెలు అచ్చంగా సరిపోలేదు గానీ, వాలు మాత్రం అలాగే ఉంది. సంపాదకులు ఏటా ఎవరికి ఫోను చేసి బతిమాలతారో కూడా దాన్నిబట్టి తెలిసిపోయింది!

ఇక ఉదహరింపులను లెక్కించడానికి ఆద్యుడు యూజీన్ గార్ఫీల్డ్. 1955లో ‘సైన్స్’ పత్రికలో ఈ ఆలోచన బయటపెట్టి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఆయనకు దారి చూపింది అమెరికా వకీళ్ళు 1873 నుంచీ వాడుకుంటున్న షెపర్డ్స్ సైటేషన్స్. ఒక తీర్పును తర్వాత వచ్చిన ఏ ఏ తీర్పులు ప్రస్తావించాయో అందులో ఉంటుంది. అయితే ప్రస్తావించాయని చెప్పి వదిలెయ్యదు. సమర్థించాయా, విభేదించాయా, కొట్టిపారేశాయా అన్నది కూడా గుర్తులతో చెబుతుంది. కొట్టేసిన తీర్పును పట్టుకుని కోర్టుకు వెళ్ళిన వకీలు పరువు పోతుంది కదా! సైన్సుకు వచ్చేసరికి ఆ గుర్తులు పోయాయి, అంకె మిగిలింది. మెచ్చుకున్నా ఒకటే, తిట్టినా ఒకటే. మన సాహిత్య వివాదాలు తెలిసినవారికి ఈ నష్టం ఎంతటిదో వేరే చెప్పనక్కర్లేదు. తెలుగులో ఒక పుస్తకం మీద పదిమంది విరుచుకుపడితే, ఈ లెక్క ప్రకారం అది పదిమంది మెచ్చిన పుస్తకంతో సమానం.

గార్ఫీల్డ్ మొదటి ఉద్దేశం వెతుక్కోవడం. పాత వ్యాసం చేతిలో పట్టుకుని, దాని తర్వాత ఏమేం వచ్చాయో తెలుసుకోవడం. గూగుల్ వ్యవస్థాపకులు 1998లో వెబ్ పేజీలకు వరసలు కట్టే పద్ధతి చెప్పినప్పుడు కూడా ఈ ఉదహరింపుల ఆలోచననే ఆధారం చేసుకున్నారు. కానీ వెతుక్కోవడానికి పుట్టిన పనిముట్టు మెల్లగా మార్కులు వేసే పనిముట్టు అయింది. పత్రికలకు ఇంపాక్ట్ ఫాక్టర్ వచ్చింది. ఒక పత్రిక గత రెండేళ్ళలో ప్రచురించిన వ్యాసాలను ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్నది ఆ లెక్క. మనుషులకు 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్ ఇండెక్స్ ఇచ్చాడు. పది వ్యాసాలకు ఒక్కొక్కదానికి కనీసం పదేసి ఉదహరింపులు ఉంటే మీ అంకె పది. రంగానికీ రంగానికీ ఈ అంకె మారుతుందన్న హెచ్చరిక ఆయన వ్యాసంలోనే ఉంది. హెచ్చరికను వదిలేసి అంకెను పట్టుకున్నారు లోకులు.

రెండేళ్ళ గడువు సాహిత్యానికి ఎలా సరిపోతుందో చూడండి. వెల్చేరు నారాయణరావుగారి ‘తెలుగులో కవితా విప్లవాల స్వరూపం’ 1978లో పుస్తకంగా వచ్చింది. అది మొదట ఆయన పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసమే. తెలుగు కవిత్వం గురించి గట్టిగా మాట్లాడేవారు దాన్ని ఒప్పుకోవడానికో, కాదనడానికో ఈనాటికీ ఎత్తుకుంటూనే ఉన్నారు. అలాంటి పుస్తకానికి మొదటి రెండేళ్ళలో ఏం జరిగిందన్నది ఒక ప్రశ్నేనా? మామిడి టెంక నాటి రెండేళ్ళకే కాపు లెక్కపెట్టినట్టుంటుంది.

ఇప్పుడు మళ్ళీ మా అమ్మాయి ఫైలు దగ్గరికి వద్దాం. దాన్ని నేను నా వృత్తి అలవాటు ప్రకారం వరసవరసా చదివాను. మొట్టమొదట కనబడ్డది పేర్ల గందరగోళం. ఈ బాధ మనకు కొత్తది కాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాపానికి, వీసా మీద ‘ఎఫ్ ఎన్ యు’ అని ముద్ర వేయించుకుని, మొదటి పేరు తెలియనివారుగా ఈ దేశంలో దిగిన తెలుగువాళ్ళు మన సమావేశాల్లోనే ఉన్నారు. డేటాబేసు కూడా ఆ ఇమ్మిగ్రేషన్ గుమాస్తా లాంటిదే. ఒకే ఆచార్యుడు ఒక వ్యాసంలో ‘రావు, కె.ఎస్.’, ఇంకో వ్యాసంలో ‘శ్రీనివాసరావు, కె.’, మూడో దాంట్లో ఇంటిపేరు విప్పి రాసిన మరో మనిషి. అటువైపు నలుగురు వేరువేరు కె.ఎస్. రావులు కలిసి ఒకే మహా పండితుడుగా తేలారు. బొమ్మలో అన్నిటికన్నా పెద్ద వృత్తం ఆయనదే! పరిశోధకులకు ఒక్కొక్కరికీ ఒక అంకెను కేటాయించే ఆర్కిడ్ పద్ధతి 2012లో వచ్చింది. ఇప్పుడు రాసేవారికి అది మేలే. 1960లలో రాసి వెళ్ళిపోయినవారికి ఎవరు తీసుకుంటారు ఆ అంకె?

రెండోది అక్షరాల గొడవ. గురజాడ పేరును ఇంగ్లీషులో ‘జె’తో రాసేవారున్నారు, ‘జెడ్’తో రాసేవారున్నారు. కన్యాశుల్కంలో ‘శు’కు ఒట్టి ‘ఎస్’ పెట్టేవారు కొందరు, పక్కన ‘హెచ్’ చేర్చేవారు కొందరు, ‘కన్యా’కూ ‘శుల్కా’నికీ మధ్య ఖాళీ వదిలేవారు మరికొందరు. ప్రోగ్రాముకు ఇవన్నీ వేరువేరు మాటలు. ఒక్క కన్యాశుల్కం మూడు ముక్కలై, ఏ ముక్కా కనీస సంఖ్యకు చేరక, బొమ్మలోంచే మాయమైపోయింది. ఆ కనీస సంఖ్యను మనమే పెట్టవచ్చు, సమానమైన మాటలను కలపడానికి ఒక పట్టిక కూడా ఇవ్వవచ్చు. ఆ మీటలు ప్రోగ్రాములోనే ఉన్నాయి. వర్క్‌షాపులో వాటిని ఉన్నవి ఉన్నట్టు వదిలేసి ముందుకు వెళ్ళమన్నారట. పైగా ఆ ప్రోగ్రాము వాక్యాల్లోంచి మాటలు ఏరే పద్ధతి ఇంగ్లీషుకు మాత్రమే పనిచేస్తుంది. తెలుగు శీర్షికలు ఇస్తే దానికి అర్థం కాదు.

కన్యాశుల్కంతో ఇంకో చిక్కు కూడా ఉంది. 1897లో అచ్చయిన నాటకం వేరు, 1909లో గురజాడ తిరగరాసి అచ్చువేసింది వేరు. ఎవరు దేన్ని ఉదహరించారో తెలియకుండా రెండింటినీ కలిపి లెక్కపెడితే, ఏ నాటకం గురించి మాట్లాడుతున్నామో మనకే తెలియదు. ఈ సంగతి తెలుగు ఎం.ఏ. విద్యార్థికి తెలుసు, ప్రోగ్రాముకు తెలియదు. అందుకే లెక్కలు కట్టేవారికి లెక్కలతో పాటు విషయం కూడా తెలియాలంటాను.

మూడోదీ, అన్నిటికన్నా పెద్దదీ, అసలు డేటాబేసులోకి రాని తెలుగు. స్కోపస్‌లో ఒక పత్రిక చేరాలంటే వ్యాసం ఏ భాషలో ఉన్నా శీర్షికా, సారాంశమూ ఇంగ్లీషులో ఉండాలి. ఆధార గ్రంథాల పట్టిక రోమన్ లిపిలో ఉండాలి. వ్యాసాలను తోటి పండితులు పరీక్షించే ఏర్పాటు ఉండాలి. వాళ్ళ అవసరానికి ఆ నిబంధనలు సబబైనవే కావచ్చు. అయితే తెలుగు విమర్శ నడిచిన దారి వేరు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పెట్టిన భారతి, ఆ తర్వాతి సాహిత్య పత్రికలు, దినపత్రికల సోమవారం సాహిత్యం పేజీలు, పుస్తకాల ముందుమాటలు, సన్మాన సంచికలు, సభల్లో చదివి ఆ తర్వాత చిన్న పుస్తకంగా వేసుకున్న ప్రసంగాలు. మన విమర్శ అంతా అక్కడే ఉంది. అందులో ఏదీ మా అమ్మాయి ఫైలులోకి రాలేదు. కాబట్టి “పరిశోధన స్వల్పం” అన్న వాక్యానికి అసలు అర్థం “నేను వెతికిన చోట స్వల్పం” అని. ఆ నాలుగు మాటలు చేర్చడం ఎవరూ నేర్పలేదు.

ఇది చిన్న లోపంలా కనిపిస్తుంది. కానీ ఆ సిద్ధాంత వ్యాసం రేపు శోధగంగలో చేరుతుంది. ఎల్లుండి మరొకరు దాన్ని ఉదహరిస్తారు. పదేళ్ళకు అది అందరికీ తెలిసిన నిజమైపోతుంది. మా తాతగారి తరం పండితులు దీపం ముందు కూచుని రాసిందంతా, మన మనవలు చదివే చరిత్రలో “లేదు” అయిపోతుంది. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే.

మరి నేర్పేవాళ్ళు ఎందుకిలా నేర్పుతున్నారు? అంతా వాళ్ళ తప్పే అనలేను. మన దేశంలో 2016 నిబంధనల ప్రకారం సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు కనీసం ఒక పరిశోధనా పత్రం ప్రచురించి తీరాలి. 2022 నిబంధనల్లో యూజీసీ ఆ షరతు తీసేసింది. ఏ పత్రికల్లో రాస్తే చెల్లుతుందో చెప్పడానికి 2019లో పెట్టిన కేర్ జాబితాను 2025లో రద్దు చేసింది. షరతులు పోయినా అలవాటు పోలేదు. గదిలో కూచుని, ఒక ఫైలు దించుకుని, నాలుగు బొమ్మలు గీసి, ఒక పత్రం తయారు చేయడానికి బిబ్లియోమెట్రిక్స్ కన్నా దగ్గర దారి లేదు.

కొలతే లక్ష్యమైతే ఏమవుతుందో మన ఉద్యోగాల్లో చూస్తూనే ఉన్నాం. నేను వెనక పనిచేసిన ఒకచోట వారానికి ఎన్ని బగ్గులు సరిచేశారన్నది లెక్కపెట్టి మెచ్చుకోవడం మొదలుపెట్టారు. నెల తిరక్కుండా ఒక పెద్ద బగ్గును పది చిన్న బగ్గులుగా విడగొట్టి నమోదు చేయడం అందరికీ వచ్చేసింది. నాకూ వచ్చింది, దాచడమెందుకు! అంకెలు పెరిగాయి, ప్రోగ్రాము మాత్రం అలాగే ఏడ్చింది.

యూజీసీ 2019లో పిహెచ్.డి. విద్యార్థులందరికీ పరిశోధన, ప్రచురణ నీతి అన్న పాఠ్యాంశం పెట్టింది. 2 క్రెడిట్లు, 30 గంటలు. అందులో ఒక భాగం డేటాబేసులూ, ఈ కొలతలూ. పెట్టడం మంచిపనే. నా ఫిర్యాదల్లా ఒకటే. హెచ్ ఇండెక్స్ అంటే ఏమిటి అన్న ప్రశ్నకు జవాబు నేర్పుతున్నాం గానీ, ఈ అంకె ఎవరిని వదిలేసింది అన్న ప్రశ్న వేయడం నేర్పడం లేదు. ఈ మాట నా ఒక్కడిదే కాదు. పత్రిక ఇంపాక్ట్ ఫాక్టర్‌ను బట్టి మనుషులను అంచనా వేయకూడదన్న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన 2012లో రూపొందింది. 2015లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన లైడెన్ మానిఫెస్టో పది సూత్రాలు చెప్పింది. స్థానిక విషయాల మీద, స్థానిక భాషల్లో జరిగే మంచి పరిశోధనను కాపాడుకోవాలన్నది అందులో ఒకటి. వోస్‌వ్యూయర్ తయారు చేసిన ఇద్దరిలో ఒకరైన లూడో వాల్ట్‌మన్ ఆ మానిఫెస్టో రచయితల్లో ఉన్నారు. పనిముట్టు చేసినవాడే జాగ్రత్త అంటున్నాడు, మనం ఆ మాట తప్ప మిగిలినదంతా దిగుమతి చేసుకున్నాం.

నన్ను నేర్పమంటే ఎలా నేర్పుతానని మా అమ్మాయి అడిగింది. ఉపాధ్యాయుణ్ణి కాను గనక ధైర్యంగా చెప్పాను. మొదటి నెల కంప్యూటరు ముట్టుకోవద్దు. ఒక పత్రిక ఐదేళ్ళ సంచికలు తెచ్చుకుని, ప్రతి వ్యాసానికీ ఒక కార్డు రాయి. రాసినదెవరు, దేని గురించి, ఎవరిని పేరు పెట్టి తలుచుకున్నారు, పేరు పెట్టకుండా ఎవరిని దెప్పారు, మెప్పా, ఖండనా. రెండో నెల ఆ కార్డులను పట్టికలోకి ఎక్కించు. పేర్లు కలిపేటప్పుడు ఎందుకు కలిపావో, విడదీస్తే ఎందుకు విడదీశావో పక్కన రాసిపెట్టు. మూడో నెల బొమ్మ గియ్యి. కనీస సంఖ్య మార్చి మళ్ళీ గియ్యి. మార్చగానే కూలిపోయే నిర్ధారణ ఏదైనా ఉంటే దాన్ని కొట్టెయ్యి. చివరగా, వెతికిన చోట్ల పేర్లతో పాటు వెతకని చోట్ల పేర్లు కూడా ఒక పేజీ రాయి.

ఇలా చేస్తే లెక్కలు మనకు శత్రువులు కావు. ఫలానా కాలంలో స్త్రీలు విమర్శ రాయలేదని సభల్లో ఎవరో అంటారు, మనం తలూపుతాం. కార్డులుంటే చూసి చెప్పవచ్చు. ఒక ప్రాంతంవారే అంతా రాశారనీ, ఫలానా కవిని తన కాలంలో ఎవరూ పట్టించుకోలేదనీ అనుకునే మాటలు ఎన్నో ఉన్నాయి. అవి నిజమో, వింటూ వింటూ నిజమైపోయాయో తేల్చడానికి లెక్కకు మించిన దారి లేదు. అభిప్రాయాల మీద నడిచే మన విమర్శకు ఈ విద్య చాలా అవసరం. కాకిలెక్కలు మానేసి కార్డులు రాయాలి, అంతే.

మా అమ్మాయి సెలవుల్లో వేటపాలెం వెళ్ళింది. 1918లో పెట్టిన సారస్వత నికేతనంలో పాత పత్రికల ముందు కూచుంది. మొదటి రోజు రాత్రి ఫోను చేసి, “మామయ్యా, ఇవాళ ఒక్క సంచికే అయింది. ఒక్కాయన వ్యాసంలో ఏడుగురిని తిట్టాడు, ఒక్కరి పేరూ రాయలేదు. ఆ ఏడుగురూ ఎవరో కనుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టేలా ఉంది” అంది. గొంతులో విసుగు లేదు. ఆ వర్క్‌షాపు బొమ్మ చూపించినప్పుడు లేని ఉత్సాహం ఉంది. పర్యవేక్షకుడు మాత్రం ఇంకా సందేహిస్తున్నారట, ఇంత శ్రమపడ్డా దీన్ని డేటాబేసులో ఉన్న పత్రికలు ఒప్పుకుంటాయా అని. ఆయన భయం అర్థం చేసుకోదగినదే. అమ్మాయి ఉద్యోగం ఆ ప్రచురణల మీదే ఆధారపడవచ్చు. దీనికి నా దగ్గర జవాబు లేదు. పాత నిర్ధారణను మాత్రం తనంతట తానే కొట్టేసింది.

చివరగా మన సంగతి. ఏడుగురిని పేరు పెట్టకుండా తిట్టిన ఆ పెద్దాయనను చూసి నవ్వుకున్నాను గానీ, మన సంచికలు తెరిస్తే మనమూ అదే చేస్తున్నాం. “ఒక ప్రముఖ విమర్శకుడు అన్నట్లు” అంటాం. ఎవరా ప్రముఖుడు, ఎక్కడన్నాడు, ఏ ఏడాది? రాసినవారికి గుర్తు లేదు, అడిగే అలవాటు మనకు లేదు. పదేళ్ళ సంచికలకు కలిపి ఒక విషయసూచిక లేదు. పాత సంచికలు కొన్ని కార్యవర్గ సభ్యుల గరాజుల్లో అట్టపెట్టెల్లో ఉన్నాయి. కొన్ని ఇళ్ళు మారినప్పుడు పోయాయి. డేటాబేసు మనల్ని లెక్కలోకి తీసుకోలేదని అడగడానికి ముందు, మనల్ని మనం లెక్కరాసుకున్నామా అని అడుక్కోవాలి.

అందుకని సంపాదకులకూ, కార్యవర్గానికీ నా విన్నపం. వచ్చే సంచిక నుంచి ఎవరి మాట ఎత్తుకున్నా పేరూ, పుస్తకమూ, ఏడాదీ వ్యాసంలోనే రాయమని అడుగుదాం. పాత సంచికలన్నిటికీ సూచిక తయారు చేద్దాం. ప్రోగ్రాము నేను రాస్తాను, అది నాకు వచ్చిన పనే. కార్డులు రాయడానికి మనుషులు కావాలి. మన పిల్లల్లో తెలుగు కూడబలుక్కుని చదవగలిగినవాళ్ళు ఉన్నారు, వాళ్ళనూ కూచోబెడదాం. వచ్చే నెల మొదటి శనివారం మా ఇంట్లో మొదలుపెడదామనుకుంటున్నాను. ఎవరి గరాజులో ఏ సంచికలు ఉంటే అవి పట్టుకురండి. పకోడీలు నేను వేయిస్తాను.